నోట్లో నిప్పు

గుల్లపాలెం ఆడవాళ్లు చుట్ట కాల్చే తీరు మొదటిసారి చూసినవాళ్లెవరైనా ఒక అడుగు వెనక్కి వేస్తారు. నిప్పున్న కొన నోటి లోపల, నిప్పులేని కొన బయట. దాన్ని అడ్డపొగ అంటారు. ఇదెక్కడి చోద్యమని అడిగితే జవాబులకు కొదవలేదు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, బూడిద చేపల మీద రాలదు, ఒక్క చుట్ట పూటంతా వస్తుంది. అన్నిటికీ మించి రెండు చేతులూ పనికి దొరుకుతాయి. పాలెంలో ఆడదాని చేతులు ఊరుకున్నాయంటే ఆమె పాడె మీద ఉందనే లెక్క కాబట్టి, ఈ ఏర్పాటు తరతరాలుగా అందరికీ నచ్చింది.

లక్ష్మణమ్మకు ఈ విద్య చిన్నప్పుడే వాళ్ల అమ్మమ్మ నేర్పింది. ఇప్పుడామెకు యాభై దాటాయి. నోట్లో చుట్టతోనే ఒడ్డున చేపల బేరం ఆడేది. చుట్టతోనే తట్ట నెత్తికెత్తుకుని పొలం గట్ల మీద పైవూళ్లకు నడిచేది. కేక వెయ్యాల్సి వచ్చినప్పుడు చుట్టను నాలుకతో బుగ్గ మూలకు నెట్టి, "సేపలో" అని ఒక్క అరుపు అరిచేది. ఆ అరుపు వినపడితే రెండు వీధుల అవతల ఆడవాళ్లు చింతపండు నానబెట్టేవాళ్లు. నోరున్నవాడిదే రాజ్యమంటారు. లక్ష్మణమ్మకు రాజ్యం లేదుగాని నోరుంది, ఆ నోటితోనే సంసారాన్ని గట్టెక్కించింది. మొగుడు కూర్మయ్య, కొడుకు ఎర్రన్న తెప్ప మీద వేటకు పోతారు. వాళ్లు తెచ్చిన చేప అమ్ముడుపోయేది ఆమె నోటి చలవతోనే. ఇంట్లో ఉండే కోడలు తవిటమ్మకు మాత్రం ఆ నోరంటే హడలు.

కొత్తవలస నుంచి కొండల్లోకి కొత్త రైలు తిరగడం మొదలుపెట్టిన రోజులవి. తొలకరి పడ్డాక ఒకనాడు పట్నం నుంచి డాక్టర్లు జీపులో పాలెం వచ్చారు. చుట్ట కాల్చే ఆడవాళ్లందర్నీ వరుసగా నిలబెట్టి, నోళ్లు తెరిపించి, టార్చిలైటు వేసి చూశారు. లోపల చేపలేమన్నా దాచుకున్నామేమో చూడండి బాబూ అని ఆడవాళ్లు ఒకటే నవ్వులు. లక్ష్మణమ్మ దగ్గరికొచ్చేసరికి టార్చి ముందుకు కదల్లేదు. అప్పటిదాకా వాళ్లతోపాటు నవ్వుతున్న కుర్ర డాక్టరు నవ్వు ఆపేశాడు. శ్రీకాకుళం ఆసుపత్రికి తప్పకుండా రావాలని చెప్పి, ఎప్పుడు రావాలో కూర్మయ్యకు కూడా విడిగా చెప్పి వెళ్లాడు.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు చాలాసేపు చూశాడు. అంగిట్లో పుండు ఉందన్నాడు, చుట్టూ చర్మం తెల్లగా మందంగా బిగిసిందన్నాడు. చుట్ట మానేస్తే పుండు దానంతట అది తగ్గే అవకాశం ఉందట. దీపావళి వెళ్లాక మళ్లీ రావాలి. అప్పటికీ తగ్గకపోతే విశాఖపట్నం పంపించి ఆ భాగం కోసెయ్యాలి. లక్ష్మణమ్మ ఒకే ఒక్క మాట అడిగింది, కోసేస్తే కేక వెయ్యగలనా అని. డాక్టరు అబద్ధం చెప్పే మనిషి కాదు.

"మాట ముక్కులోంచి వస్తుందమ్మా. పక్కన కూర్చున్నవాడికి అర్థం కావడమే కష్టం," అన్నాడు.

సముద్రం మీద మొగుడు రెండు రోజులు కనపడకుండా పోయినప్పుడు కూడా ఆమెకు ఇంత భయం వెయ్యలేదు. తిరుగు బస్సులో నాలుకతో మాటిమాటికీ అంగిలి తడుముకుంటూ, ముక్కుతో మాట్లాడే లక్ష్మణమ్మ దగ్గర చేపలెవరు కొంటారని ఆలోచించింది. నోరు లేని లక్ష్మణమ్మ ఎలా ఉంటుందో ఆమెకు ఎంత ఊహించుకున్నా తోచలేదు.

మర్నాడు పొద్దున్నే చుట్టల కట్ట, పొగాకు కాడలు మూటగట్టి, పాలెమంతా చూస్తుండగా సముద్రంలో విసిరేసింది. సముద్రం ఏదీ ఉంచుకోదంటారు, పొద్దు నడినెత్తికి వచ్చేలోగా ఆ మూటను ఒడ్డుకే తెచ్చి పడేసింది. ఎండబెడితే పనికొచ్చేటట్టే ఉంది. అంతవరకూ కూడా ఆగలేక పక్కింట్లో ఒకటి అడిగి పుచ్చుకుంది. ఒక్కటే అనుకుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదన్న సామెత ఊరికే పుట్టలేదు. వారం తిరక్కుండా చుట్టల కట్ట మళ్లీ చూరులో తన చోటికి తాను వచ్చేసింది.

ఆ వారంలోనే ఒక పొద్దున పెద్ద గొడవ జరిగింది. లక్ష్మణమ్మ తట్ట సర్దుకుంటూ, అరుగు మీద పెట్టిన చుట్ట ఏమైందని కోడల్ని అడిగింది. తవిటమ్మ చేస్తున్న పని ఆపి అత్త ముఖం వంక చూసి, ఏదో చెప్పబోయి ఊరుకుంది. ఆ ఊరుకోవడం లక్ష్మణమ్మకు మండింది. దాచేశావా, డాక్టరు మాట విని నామీద పెత్తనం చేస్తున్నావా అని లేచింది. చాటలు తిరగేసింది, వల దులిపింది, పొయ్యి వెనక చూసింది. ఎర్రన్న కూడా వెతకడానికి వచ్చి, తల్లి ముఖం చూసి, గబుక్కున అవతలికి తిరిగాడు. ఇరుగుపొరుగు చేరారు. చివరికి తవిటమ్మ దడుస్తూనే చెప్పింది.

"అత్తా, సుట్ట నీ నోట్లోనే ఉన్నాది."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అని పెద్దలు ఎందుకన్నారో పాలేనికి ఆ పూట కళ్లారా తెలిసింది. నవ్వలేక కొందరు ఇసకలో కూర్చుండిపోయారు. లక్ష్మణమ్మ మాత్రం నవ్వలేదు, తిట్టలేదు కూడా. చుట్ట బయటికి తీసి చూస్తే సగానికి పైగా కాలిపోయి ఉంది. ఎప్పుడు ముట్టించిందో ఆమెకు జ్ఞాపకం లేదు. సగం చుట్ట కాలేంతసేపు నోట్లో నిప్పు పెట్టుకుని, నిప్పు ఉన్న సంగతే తెలియకుండా తిరిగింది. డాక్టరు మాట కన్నా ఇదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఆ సాయంత్రం కూర్మయ్య వల బాగుచేసుకుంటూ నోరు తెరిచాడు. ఆయన మాట్లాడటం అరుదు. ఆ ఇంట్లో మాట్లాడటానికి ఖాళీ దొరకడం కూడా అరుదే.

"నువ్వు మానలేవే," అన్నాడు. "కాలస్తన్నట్టే నీకు తెల్దు. తెలీని పనిని ఎలాగ మానతావు? ముందు తెలిసి కాల్సు."

తెలిసి కాల్చడమేమిటని ఆమె విసుక్కుంది.

"ఒడ్డు కాడ అల దాటేటప్పుడు నానేటి సేస్తాను? అలనే సూస్తాను. ఇంటికాడ కూరేటని ఆలోసిస్తే తెప్ప తిరగబడతాది. నీకు కాల్సాలనిపిస్తే కాల్సు, నానొద్దనను. కాని ఒక సోట కూకొని కాల్సు. సేతిలో ఇంకో పని ఎట్టుకోకు, ఎవుల్తోటీ మాటాడకు. నోట్లో పొగ ఏటి సేస్తన్నాదో అదే సూడు."

ఇంతేనా, ఇదేమన్నా బ్రహ్మవిద్యా అనుకుంది లక్ష్మణమ్మ. మానమని చెప్పలేదు కాబట్టి ఒప్పుకుంది. ఇంటి వెనక పనికిరాని తెప్ప దుంగలు రెండు పడి ఉండేవి. మర్నాడు చుట్ట ముట్టించి వాటి మీద కూర్చుంది. కూర్చున్న కాసేపటికే చేతులు గోల పెట్టాయి. పక్కన పడి ఉన్న తాడు ముక్కను తెలియకుండానే విప్పడం మొదలుపెట్టి, చూసుకుని వదిలేసింది. కోడలు నీళ్లు ఒలకబోస్తే అరవబోయి, ఆగింది. అలా పని లేకుండా కూర్చోవడం ఆమెకు జ్వరంలో తప్ప అలవాటు లేదు. దారిన పోయేవాళ్లు లక్ష్మణమ్మ తపస్సులో ఉందని వేళాకోళం చేశారు. వాళ్లకు బదులు చెప్పకపోవడం చుట్ట మానడం కన్నా కష్టమైంది.

ఇక చేసేది లేక పొగనే చూసింది. మొదటి రెండు దమ్ములు హాయిగానే ఉన్నాయి. ఆ తరవాత నోరు ఎండిపోయింది, నాలుక కింద చేదు నీరు ఊరింది, అంగిలికి వేడి తగిలి పుండున్న చోట సుర్రుమంది. ఇది కొత్తగా వచ్చిన బాధ కాదని, ఇన్నేళ్లుగా రోజూ తగులుతూనే ఉందని, తను మాత్రం ఆ టైముకు ఎక్కడో బేరంలో ఉందని ఆమెకు అప్పుడు అర్థమైంది. సుఖమంతా రెండు దమ్ములది, మిగతాదంతా మరుపు. మిగిలిన చుట్టను ఇసకలో గుచ్చి లేచిపోయింది.

అంతటితో అయిపోతే ఇది కథే కాదు. మర్నాడు మళ్లీ కావాలనిపించింది, మళ్లీ వెళ్లి దుంగ మీద కూర్చుంది. కొన్నాళ్లు ఆ దుంగ ఆమెను తెగ చూసింది. అయితే ఒక చిక్కుంది. కాల్చాలంటే పని ఆపాలి, పని ఆపితే లక్ష్మణమ్మకు ఒళ్లు మండుతుంది. అందువల్ల ఈ తట్ట దించాక కాలుస్తాను, ఈ చేపలు కడిగాక కాలుస్తాను అంటూ వాయిదాలు పడ్డాయి. వాయిదా పడ్డవాటిలో కొన్ని అసలు మర్చిపోయింది. గట్ల మీద నోట్లో ఏమీ లేకుండా నడుస్తుంటే ఈనబోతూ పొట్ట మీదున్న వరి వాసన తెలిసింది. తట్ట ఎడమవైపుకే ఒరుగుతోందని, మెడనొప్పి అందుకేనని కూడా తెలిసింది. తట్ట కింద నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు సరిచేసుకుంటే నొప్పి పోయింది. దీనికోసమా ఇన్నేళ్లు నూనెలు రాయించుకున్నానని తనను తానే తిట్టుకుంది.

వినాయక చవితి వెళ్లాక ఒక రోజు వ్రతభంగం అయింది. పైవూళ్లో తాతమ్మ అనే రైతు ఇల్లాలు, నిన్న ఇచ్చిన చేప మెత్తబడిందని పదిమందిలో అనేసింది. లక్ష్మణమ్మ సరుకుకు మాట పడటమా? రెండిళ్ల కప్పులు లేచిపోయేలా దెబ్బలాడి, ఊరు దాటి చాలా దూరం వచ్చాక చూసుకుంటే నోట్లో చుట్ట వెలుగుతోంది. ఎక్కడ తీసిందో, ఎవరి పొయ్యిలో నిప్పు అడిగిందో తెలియదు. గట్టు మీద నిలబడిపోయింది. ఇన్నాళ్లు పడ్డ పాటంతా నీళ్లపాలయిందని ఏడుపొచ్చింది. ముక్కుతో మాట్లాడే మనిషి మళ్లీ కళ్లముందు కనపడింది.

తట్టలో ఇంకా సగం చేప ఉంది, ఎండ ముదురుతోంది. అయినా మొగుడితో ఒప్పుకున్న మాట ఒకటుంది కదా, కాలిస్తే కూర్చునే కాల్చాలి. తట్ట దించి, చేపల మీద తడిగుడ్డ కప్పి, గట్టు మీదే చతికిలబడింది. ఈసారి పొగతో పాటు కోపాన్ని కూడా చూడాల్సి వచ్చింది. గుండె దడదడలాడుతోంది, దవడలు బిగిసి ఉన్నాయి. తాతమ్మ అన్నదాంట్లో నిజం ఉందని కడుపులో ఎక్కడో తెలుసు, నిన్నటి చేప నిజంగానే మెత్తబడింది. అది ఒప్పుకోవడం కన్నా చుట్ట ముట్టించడం తేలిక. అంత తెలిశాక ఇక ఆ చుట్టతో పని లేదనిపించి కాలవలోకి ఉమ్మేసింది. వెనక్కి వెళ్లి తాతమ్మ గుమ్మంలో ఒక మంచి చేప పెట్టి, ఏమీ అనకుండా వచ్చేసింది. తాతమ్మ కూడా తెలివైనది, ఏమీ అడగలేదు.

దసరాలప్పటికి దుంగ మీద కూర్చోవడం రోజుకు ఒక్కసారికి వచ్చింది. కొన్ని రోజులు అదీ లేదు. పుండు సంగతి మాత్రం తెలియదు. నాలుకతో తడిమితే ఒకనాడు తగ్గినట్టు, ఒకనాడు పెరిగినట్టు ఉండేది. దీపావళి దగ్గర పడేకొద్దీ తడమడానికే భయపడి, నాలుకను అటు పోనిచ్చేది కాదు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ముగ్గురూ అన్నాలకు కూర్చున్నారు, తవిటమ్మ వడ్డించింది. లక్ష్మణమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని తుపుక్కున ఊసేసింది. ఉప్పు. నాలుక ముడుచుకుపోయేంత ఉప్పు, దాని వెనక చెవులు పేలిపోయేంత కారం. ఉప్పు కుండ ఒంపేశావా అని కోడలి మీద అరిచింది. తవిటమ్మ ముఖం పాలిపోయింది.

"రోజూ ఏసినంతే ఏసినాను అత్తా."

కూర్మయ్య, ఎర్రన్న పళ్లేల్లోకి తలలు వంచేశారు. ఎర్రన్న పళ్లెం పక్కన చిన్న ముంతలో నీళ్లున్నాయి, ఆ నీళ్లలో చేప ముక్క ఒకటి కడుక్కుని తింటున్నాడు. అది ఆమె రోజూ చూస్తున్నదే, ఏమిటని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఏమిట్రా అది అని అడిగితే వాడు నసిగాడు. చివరికి కూర్మయ్యే చెప్పాడు. తవిటమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఏది వండినా చప్పగా ఉందని లక్ష్మణమ్మ గోల పెట్టేదట. ఉప్పు పెంచారు, కారం పెంచారు, అయినా చప్పనే. ఆమెకు వేరే గిన్నెలో వండితే, నాకొక కుండ మీకొక కుండా, నన్ను వెలేశారా అని ఆ పిల్లను వీధిలో పెట్టి తిట్టిందట. అప్పటి నుంచి అందరికీ ఒకటే కూర. మగవాళ్లు ముక్కలు కడుక్కుని తింటున్నారు. తవిటమ్మ అందరూ లేచాక గంజిలో కలుపుకుని తింటోంది.

అత్త పగలగొడితే అడుగోటి కుండ, కోడలు పగలగొడితే కొత్త కుండ అన్నట్టే నడిచింది ఇన్నేళ్లూ ఆ ఇంట్లో. వంట చేతకాని కోడలు దొరికిందని లక్ష్మణమ్మ ఊరూరా చెప్పుకుంది. చచ్చిపోయినది తన నాలుక. నిప్పుతో కాల్చి కాల్చి తనే దాన్ని చంపుకుని, ఆ పాపం ఆ పిల్ల నెత్తిన వేసింది. సిగ్గుతో ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ సిగ్గు కిందనే ఇంకొకటి మెల్లగా పైకి వచ్చింది. ఉప్పు తెలిసిందంటే నోరు బతుకుతోందన్నమాట. ఏడుస్తూనే ఇంకో ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. భరించలేనంత ఉప్పు, కళ్లలోంచి నీళ్లు. అయినా ఆ ముద్దను ఊసెయ్యలేదు, చివరిదాకా నమిలి మింగింది.

దీపావళి వెళ్లిన వారానికి తవిటమ్మను వెంటబెట్టుకుని శ్రీకాకుళం వెళ్లింది. డాక్టరు లైటు వేసి, చెంచాతో నాలుక నొక్కి, అటూ ఇటూ వంగి చూశాడు. ఆయన చూస్తున్నంతసేపూ లక్ష్మణమ్మ కోడలి చెయ్యి పట్టుకునే ఉంది. పుండు మూసుకుపోయిందన్నాడు. తెలుపు పూర్తిగా పోలేదు గాని పలచబడింది, కోతతో పని లేదు, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోవాలి, మళ్లీ నిప్పు తగిలితే మాత్రం తన పూచీ లేదు. పూర్తిగా మానేసినట్టేనా అని అడిగాడు.

"మానేసినానని సెప్పలేను బాబూ. పొద్దున్న లేసిన కాడినుంచీ కాల్సలేదు. ఇప్పుడు కూడా కాల్సట్లేదు. రేపటి మాట రేపు సెప్తాను."

ఇంతవరకూ తన ముందు ఒట్టు పెట్టని రోగిని చూడలేదని డాక్టరు నవ్వాడు. ఒట్టు పెట్టినవాళ్లలో చాలామంది ఇంటికెళ్లే దారిలోనే ముట్టిస్తారని కూడా అన్నాడు.

బస్సుకు ఇంకా టైముంది. అత్తాకోడళ్లు బస్టాండులో నీడ పట్టున కూర్చున్నారు. తవిటమ్మ ఇప్పుడు కూరల్లో ఉప్పు తగ్గించింది, అయినా అత్త మొదటి ముద్ద తినేటప్పుడు పక్కనే నిలబడి ముఖం వంక చూసే అలవాటు మాత్రం పోలేదు. ఆ చూపు లక్ష్మణమ్మకు ఈమధ్యే కనపడుతోంది, కనపడ్డప్పుడల్లా గుండెల్లో కలుక్కుమంటోంది. ఇవాళ మనసు తేలిగ్గా ఉండటంతో అడగాలనిపించింది.

"ఒసే తవిటీ, నీకేటి ఇష్టమే?"

తవిటమ్మకు ప్రశ్న అర్థం కాలేదు. తినడానికి, అంది లక్ష్మణమ్మ. కాపురానికి వచ్చాక ఆమెను ఆ మాట అడిగినవాళ్లు లేరు. చెప్పొచ్చో లేదో అని అత్త ముఖం చూసింది, అటుపక్క బస్సుల వంక చూసింది.

"మా అమ్మ సేపల పులుసులో సిన్న బెల్లం ముక్క ఏసేది అత్తా. నాకు అదే ఇష్టం."

చేపల పులుసులో బెల్లం. మామూలు రోజయితే ఆ మాట పట్టుకుని లక్ష్మణమ్మ పాలెమంతా నవ్వించి ఉండేది. నవ్వు నోటిదాకా వచ్చింది కూడా. అది రావడం తనకు తెలిసింది, పోనిచ్చింది. లేచి, పద, ఒక అచ్చు కొందాం, బస్సు పోతే ఇంకో బస్సు వస్తుంది అంది. బజారులో బెల్లం రంగు చూసి, వాసన చూసి, కొట్టువాడు విసుక్కుంటున్నా చిన్న పలుకు కోడలికి రుచి చూపించి మరీ కొంది.

ఆ సాయంత్రం పొద్దు ఉండగానే వంట అయింది. పెరట్లో చాప వేసుకుని కూర్చున్నారు. లక్ష్మణమ్మ ముందు కోడలికి వడ్డించి, పక్కన కూర్చోబెట్టుకుని, తరవాత తను వడ్డించుకుంది. తవిటమ్మ తన పళ్లెంలో చెయ్యి పెట్టకుండా అత్త వంకే చూస్తోంది. మొదటి ముద్దలో పులుపు తగిలింది, తరవాత కారం. చేప ముక్క నాలుక మీద విడిపోయింది. అన్నిటికన్నా చివర, ఎక్కడో అడుగున, తీపి. ఆ తీపి బాగుందో లేదో లక్ష్మణమ్మకు ఇంకా తెలియలేదు. కళ్లు మూసుకుని నెమ్మదిగా నములుతోంది.

"ఎలాగున్నాది అత్తా?" ఉండబట్టలేక అడిగింది తవిటమ్మ.

"ఉండవే," అంది లక్ష్మణమ్మ. "తింటన్నాను."